ఒడ్డున నిలిచిన నావికుడు

రేడియోతో నడిచే చిన్న తెరచాప పడవ యజమాని ఆజ్ఞలు రెండింటినే వింటుంది. మిగిలినదంతా గాలిని అడిగి తెలుసుకోవలసిందే.

సెప్టెంబరు నెల నడుమ, విశ్వకర్మ పూజ నాడు, కోల్‌కతా నగరానికి నైరుతి మూలనున్న గార్డెన్ రీచ్‌లో రెండు దృశ్యాలు ఒకేసారి కంటబడతాయి. నేలమీద పనిశాలలలో లేతు యంత్రాలకూ, క్రేనులకూ, సుత్తులకూ, రంపాలకూ పూలమాలలు వేసి పూజ చేస్తారు. తల ఎత్తి చూస్తే, ఇళ్ల కప్పులమీద చేరిన పిల్లలూ పెద్దలూ ఎగురవేసే గాలిపటాలతో ఆకాశమంతా నిండి ఉంటుంది. ఒకచోట ఇనుము కొలువు, మరొకచోట గాలి కొలువు. ఆ రెండింటి నడుమ హుగ్లీ నది తన ఆటుపోట్లతో తాను సాగిపోతూ ఉంటుంది.

గాలిపటం ఎగురవేసే కుర్రవాడికి గాలి ఎటునుంచి వస్తున్నదో ఎవరూ చెప్పనక్కరలేదు. వేలికి తగిలిన దారపు బిగువు వానికి ఆ సంగతి చెబుతుంది. కాని ఆ ఇంటి ముందున్న నదిమీద నావ నడిపే మనిషికి నేడు ఆ విద్యతో పనిలేదు. వాని నావకు డీజిలు ఇంజను ఉన్నది. గాలి ఎటు వీచినా దాని దారి దానిదే. తెరచాపను నమ్ముకుని బ్రతికిన నదిమీద గాలిని చదివే విద్య ఒక తరంలో మరుగున పడిపోయింది.

ఆ విద్యను మళ్ళీ నేర్చుకొనడానికి సముద్రానికి పోనక్కరలేదు. మీటరు పొడవైన పడవ ఒకటి, అరచేతిలో ఇమిడే రేడియో పెట్టె ఒకటి, ఒక మాదిరి చెరువు ఉంటే చాలు. రేడియో సంకేతాలతో నడిచే నమూనా తెరచాప పడవల వినోదం ప్రపంచంలోని అనేక దేశాలలో వేలాది మందిని వారాంతాలలో చెరువు గట్లకు రప్పిస్తున్నది. చూసేవారికి అది పెద్దల ఆటబొమ్మ. ఆడేవారికి మాత్రం అది గాలి వద్ద చేసే శుశ్రూష.

పేరులోనే ఉన్న గాలి

గార్డెన్ రీచ్ అనే పేరులోనే తెరచాప కాలపు జ్ఞాపకం దాగి ఉన్నది. పద్ధెనిమిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు ఈ నదీతీరాన కట్టుకున్న ఉద్యానగృహాలవల్ల మొదటి మాట వచ్చింది. నదిలో ఒక మలుపు నుంచి మరొక మలుపు వరకు తిన్నగా సాగే జలభాగాన్ని నావికులు రీచ్ అంటారు. పక్కవాటుగా వీచే గాలితో పడవ సాగిపోవడానికి కూడా వారి పరిభాషలో అదే పేరు. అన్ని గమనాలలోనూ హాయిగా, వేగంగా సాగేది ఆ గమనమే.

సముద్రం నుంచి కలకత్తాకు వచ్చే ఓడలు ఇసుకతిన్నెలను తప్పించుకొంటూ, పోటు కోసమూ గాలి కోసమూ వేచి ఉండి, చివరకు ఈ ఉద్యానవనాల ముందుకు చేరేవి. 1791లో కలకత్తా వచ్చిన ఫ్లెమిష్ చిత్రకారుడు బాల్తజార్ సాల్విన్స్ ఇక్కడి మనుషులతో పాటు ఇక్కడి నావలను కూడా ఒక్కొక్క జాతిగా వేరుచేసి చిత్రించాడు. పాన్సీ, పటేలా, భౌలియా, డింగీ—ప్రతి నావకూ ఒక ఆకారం, ఒక పని, దానికి తగిన తెరచాప. నదీ లక్షణాన్ని బట్టి పడవను, పడవ లక్షణాన్ని బట్టి తెరచాపను కల్పించిన వడ్రంగులు పుస్తకాలు చదివినవారు కారు.

1823లో, గార్డెన్ రీచ్‌కు ఎగువన ఆనుకుని ఉన్న కిద్దిర్‌పూర్‌లో డయానా అనే ఆవిరి పడవ నీటిలోకి దిగింది. గాలికి ఎదురుగా, తిన్నగా పోగల ఆ పడవతో హుగ్లీమీద క్రొత్త యుగం ప్రారంభమైంది. 1884లో ఆవిరి పడవల మరమ్మతు కోసం గార్డెన్ రీచ్‌లో ఒక చిన్న పనిశాల వెలిసింది. దానినే 1960లో భారత ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజనీర్స్ అనే పేరుతో నేడు ప్రసిద్ధమైన సంస్థ అదే. స్వదేశంలో నిర్మించిన తొలి యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. అజయ్‌ని 1961లో అది నౌకాదళానికి అప్పగించింది. 2019 నాటికి అక్కడ తయారైన యుద్ధనౌకల సంఖ్య నూరుకు చేరింది.

దేశవాళీ నావలు మాత్రం ఇంకా చాలాకాలం గాలినే నమ్ముకున్నవి. వాటి తెరచాపలు దించివేసినది ఆవిరి కాదు, పొలాలకు నీరు తోడే చిన్న డీజిలు ఇంజను. 1980ల దశకం నుంచి దానిని పడవకు బిగించుకోవడం బంగాళమంతటా వ్యాపించింది. అది చేసే చప్పుడును బట్టి జనం అటువంటి పడవకు భుట్‌భుటీ అని పేరు పెట్టారు. పడవవానికి శ్రమ తగ్గింది, ఆదాయం పెరిగింది. దానిని తప్పు పట్టే హక్కు ఒడ్డున కూర్చున్నవారికి లేదు. ఐతే ఒక తాడును ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలిసిన చేతులు ఒకటొకటిగా పని మానుకున్నవి.

కోల్‌కతాలోని కాంకుర్‌గాఛిలో 2014లో ఏర్పడిన ప్రదర్శనశాలలో బంగాళపు నావల నమూనాలను అద్దాల వెనుక భద్రపరిచారు. ఆకారాలు అక్కడ బ్రతికి ఉంటాయి. కాని అద్దం వెనుకకు గాలి రాదు. నావను నడిపే నేర్పు బ్రతకాలంటే ఆ నమూనా నీటిమీదికి రావాలి.

రెండే ఆజ్ఞలు

రేడియో మోటారు పడవకూ, రేడియో తెరచాప పడవకూ ఉన్న భేదం పైకి కనిపించేదానికన్నా చాలా పెద్దది. మోటారు పడవ యజమాని పొమ్మంటే పోతుంది, ఆగమంటే ఆగుతుంది. తెరచాప పడవలో మోటారు లేదు. ఒడ్డున ఉన్న మనిషి చేతిలోని పెట్టెకు రెండు పుల్లలు ఉంటాయి. ఒకటి చుక్కానిని కుడికీ ఎడమకూ త్రిప్పుతుంది. రెండవది తెరచాప తాడును బిగిస్తుంది లేదా వదులుతుంది. అంతే. పడవ గర్భంలో ఒక చిన్న గ్రాహకం, ఒక బ్యాటరీ, సర్వో అనే చిన్న విద్యుద్యంత్రాలు రెండు ఉంటాయి. వీటిలో ఏదీ పడవను అంగుళం కూడా ముందుకు నెట్టదు. నెట్టవలసినది గాలి.

కనుక ఒక బ్యాటరీతో గంటల తరబడి ఆడుకోవచ్చు. నీటిమీద నూనె మరక ఉండదు, చెవులకు చప్పుడు ఉండదు. పక్షులు భయపడి ఎగిరిపోవు. బ్యాటరీ మధ్యలో అయిపోయినా అనుభవజ్ఞుడు కంగారుపడడు. గాలి ఏ గట్టు వైపు వీస్తున్నదో చూసుకుని ఆ గట్టుకు నడిచిపోయి కూర్చుంటాడు. ఆలస్యంగానైనా పడవ అక్కడికే వస్తుంది.

తంతి లేని కబురు

దూరం నుంచి రేడియో తరంగాలతో ఒక వస్తువును పనిచేయించడమనే ఆలోచనకు కలకత్తాతో గాఢమైన సంబంధం ఉన్నది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తా టౌన్ హాలులో ఒక ప్రదర్శన ఇచ్చాడు. ఆయన సృష్టించిన విద్యుదయస్కాంత తరంగాలు అడ్డుగోడలను దాటిపోయి, దూరాన ఉన్న గంటను మోగించినవి, మందుగుండును పేల్చినవి. మధ్యలో తంతి లేదు, తాడు లేదు. వచ్చిన పెద్దలు నిర్ఘాంతపోయారు.

మూడేళ్ల తరువాత, 1898లో, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక నీటి తొట్టిలో చిన్న ఇనుప పడవను ఉంచి, దూరాన నిలబడి దానిని తన ఇష్టం వచ్చినట్లు త్రిప్పాడు. పడవమీది దీపాలను వెలిగించాడు, ఆర్పాడు. లోపల మచ్చిక చేసిన కోతి ఉన్నదని ప్రేక్షకులలో కొందరు అనుకున్నారని ఒక కథనం. ఆ పరికరానికి ఆయన అదే సంవత్సరం నవంబరు 8న పేటెంటు పొందాడు. ప్రపంచంలో రేడియో ఆజ్ఞకు లోబడిన తొలి వాహనం విమానం కాదు, మోటారు కారు కాదు. అది ఒక నమూనా పడవ.

ఆ బొమ్మ పడవ వంశం ఎంత దూరం వచ్చిందో గార్డెన్ రీచ్‌లోనే చూడవచ్చు. మనిషి ఎక్కకుండా నీటి అడుగున తిరిగి మందుపాతరలను వెదకే నీరాక్షి అనే వాహనాన్ని అక్కడి నౌకా నిర్మాణ సంస్థ 2023లో ప్రవేశపెట్టింది.

వినోదం కోసం రేడియో పడవ నడుపుకొనే యోగం సామాన్యునికి కొంత ఆలస్యంగా కలిగింది. ట్రాన్సిస్టరు వచ్చి గ్రాహకాన్ని తేలిక చేసింది. 1960ల దశకంలో వచ్చిన అనుపాత నియంత్రణ వల్ల పుల్లను ఎంత జరిపితే చుక్కాని అంత తిరగడం సాధ్యమైంది. అప్పటికీ ఒక చిక్కు మిగిలే ఉన్నది. గట్టుమీద ఇద్దరి పెట్టెలు ఒకే తరంగ సంఖ్యపై పనిచేస్తే ఒకరి పడవ మరొకరి ఆజ్ఞ వినేది. అందుకని ఎవరి తరంగ సంఖ్యను వారు రంగు జెండాతో ప్రకటించుకోవలసి వచ్చేది. నేటి 2.4 గిగాహెర్ట్జ్ పెట్టెలు తమ గ్రాహకాన్ని తాము గుర్తుపెట్టుకొంటాయి గనుక ఆ బెడద తీరింది. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో పరికరం ఉంచుకొనడానికే లైసెన్సు అవసరమయ్యేది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు 2005లో ఆ నిబంధన తొలగింది.

చిన్నది చేస్తే చాలదు

క్రొత్తగా ఈ వినోదంలోకి వచ్చేవాడు సాధారణంగా ఒక పొరపాటుతో ప్రారంభిస్తాడు. అందమైన పెద్ద పడవ ఒకదానిని ఎన్నుకుని, దాని ప్రతి కొలతనూ పదోవంతుకు తగ్గించి, ఓపికగా నమూనా తయారు చేస్తాడు. చెరువులో దించిన మరుక్షణం, పిల్లగాలికే అది పక్కకు ఒరిగి పడిపోతుంది. పనితనంలో లోపం ఏమీ లేదు. లోపం లెక్కలో ఉన్నది.

పొడవు పదోవంతైనప్పుడు తెరచాప వైశాల్యం నూరోవంతు అవుతుంది. పడవ బరువు వెయ్యోవంతు అవుతుంది. పడవను పడదోసే బలం తెరచాప వైశాల్యం మీదా, దాని ఎత్తు మీదా ఆధారపడుతుంది కనుక అది కూడా వెయ్యోవంతే. కాని పడవను నిలబెట్టే బలం బరువుమీదా, ఆ బరువు పనిచేసే దూరంమీదా ఆధారపడుతుంది. అది పదివేలవ వంతుకు దిగజారుతుంది. పడదోసేవానికన్నా నిలబెట్టేవాడు ఒక మెట్టు ఎక్కువ దిగాడన్నమాట. నమూనాను చిన్నది చేయగలము కాని గాలిని చిన్నది చేయలేము.

ఇందుకు విరుగుడుగా నమూనా పడవ అడుగున సన్నని పలక ఒకటి లోతుగా దిగి, దాని కొసన సీసపు గుండు వేలాడుతూ ఉంటుంది. ఇంటర్నేషనల్ వన్ మీటర్ అనే తరగతి 1988లో ఏర్పడింది. అందులో పడవ పొడవు ఒక మీటరు మించరాదు, మొత్తం బరువు నాలుగు కిలోలకు తగ్గరాదు. ఆ నాలుగు కిలోలలో సగానికి పైగా ఆ పలకలోనూ గుండులోనూ ఉంటుంది. గాలి ఎంత ఒరిగించినా సీసం దానిని తిరిగి నిలబెడుతుంది. దీనికన్నా పాతది మార్బుల్‌హెడ్ తరగతి. 1930లో అమెరికాలోని మార్బుల్‌హెడ్ పట్టణంలో రాయ్ క్లఫ్ దీనిని రూపొందించాడు. పొడవు 50 అంగుళాలు, తెరచాప 800 చదరపు అంగుళాలు. ముఖ్యమైన నియమాలు ఆ రెండే. మిగిలినది తయారుచేసేవాని బుద్ధికి విడిచిపెట్టారు.

వేగానికి కూడా ఒక లెక్క ఉన్నది. పడవ తాను పుట్టించిన అలలో తానే చిక్కుకొంటుంది. ఆ అల పొడవు పడవ పొడవుకు సమానమైనప్పుడు అంతకుమించి వేగం పెంచడం దుస్సాధ్యం. ఈ హద్దు పొడవు యొక్క వర్గమూలాన్ని బట్టి మారుతుంది. తొమ్మిది మీటర్ల పడవకు గంటకు సుమారు పదమూడున్నర కిలోమీటర్లు, మీటరు పడవకు దానిలో మూడోవంతు, అనగా నాలుగున్నర కిలోమీటర్లు. అది మనిషి నడిచే వేగం. గట్టుమీద నడుస్తూ పడవతో సమంగా పోవచ్చు.

ఈ లెక్క వెనుక ఉన్న ఇంగ్లీషు ఇంజనీరు విలియమ్ ఫ్రౌడ్ 1867లో హంస, బొంతకాకి అని అర్థం వచ్చే పేర్లుగల రెండు ఆకారాల పడవలను మూడు, ఆరు, పన్నెండు అడుగుల పొడవులలో చేయించి నదిమీద లాగించి చూశాడు. ఒక వేగాన ఒకటి, మరొక వేగాన మరొకటి మెరుగని తేలింది. చిన్న నమూనాను సరియైన వేగంతో లాగితే పెద్ద ఓడ భవిష్యత్తు తెలుస్తుందని ఆయన నిరూపించాడు. తరువాత ఆంగ్ల నౌకాదళం ఖర్చుతో టార్కీ పట్టణంలో ప్రత్యేకమైన తొట్టి కట్టించాడు. నేడు ఆ సంప్రదాయానికి తెలుగునాట ఒక గొప్ప నిలయం ఉన్నది. విశాఖపట్నంలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో నమూనా ఓడలను లాగి పరీక్షించే తొట్టి పొడవు 500 మీటర్లు. చెరువులోని పడవకూ, యుద్ధనౌకకూ ఒకటే ధర్మం.

దర్జీ, వడ్రంగి, గాలిపటాల పనివాడు

1856లో రాజ్యం పోగొట్టుకుని కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా గార్డెన్ రీచ్‌లోని మటియాబుర్జ్‌లో స్థిరపడి, 1887లో మరణించేవరకు అక్కడే ఒక చిన్న లక్నోను సృష్టించుకున్నాడు. ఆయన వెంట వంటవారూ, సంగీతజ్ఞులూ, దర్జీలూ, గాలిపటాల పనివారూ వచ్చారు. నేటికీ మటియాబుర్జ్ దుస్తుల పనికీ, గాలిపటాలకూ ప్రసిద్ధి.

నమూనా తెరచాప పడవకు కావలసిన నేర్పులను లెక్కపెడితే ఈ వీధులే గుర్తుకు వస్తాయి. తెరచాప అంటే చదునైన గుడ్డముక్క అని కొత్తవారి అభిప్రాయం. నిజానికి అది పక్షి రెక్కవలె కొంచెం ఉబ్బి ఉండాలి. అందుకోసం పల్చని ప్లాస్టిక్ పొరను పట్టీలుగా కత్తిరించి, ప్రతి పట్టీ అంచునూ వెంట్రుకవాసి వంపుతో కోసి, ఒకదానికొకటి అతుకుతారు. చదునైన అంచుతో వంపు అంచును కలిపినప్పుడు పొట్ట ఏర్పడుతుంది. చొక్కా భుజం కుదిర్చే దర్జీకి ఈ రహస్యం క్రొత్త కాదు. పొట్ట ఎక్కువైతే గాలికి ఎదురుగా పోయేటప్పుడు తెరచాప కొట్టుకొంటుంది. తక్కువైతే పిల్లగాలిలో పడవ కదలదు.

గాలిపటానికి వెదురుపుల్లను వంచే పనివానికి నమూనా పడవ కొయ్యస్తంభం సంగతి చెప్పనక్కరలేదు. గాలి విసురు వచ్చినప్పుడు పైకొన కొద్దిగా వంగి, గాలిని వదిలివేసి, మళ్ళీ నిటారు కావాలి. మరీ బిరుసైతే పడవ ఒరుగుతుంది, మరీ మెత్తనైతే తెరచాప ఆకారం చెడుతుంది. ఇక పడవ దేహం వడ్రంగి పని. బల్సా కర్రతోనూ, పల్చని దేవదారు పట్టీలతోనూ చేసేవారు ఉన్నారు. గాజునారతోనో కర్బన నారతోనో పోతపోసేవారూ ఉన్నారు. సిద్ధంగా అమ్మే పడవలూ నేడు దొరుకుతాయి. కాని తన చేతితో చేసిన పడవ మొదటిసారి నీటిలో సమంగా నిలిచినప్పుడు కలిగే తృప్తి కొన్న పడవ ఇవ్వదు.

గాలి పెట్టే పరీక్ష

గార్డెన్ రీచ్ ముందు నది ఎంత విశాలమైనదైనా ఈ పడవలకు అది తగదు. పోటువేళ, ముఖ్యంగా బాన్ అనే నిలువెత్తు కెరటం వచ్చే రోజులలో, హుగ్లీ ప్రవాహం మనిషి నడిచే వేగాన్ని తేలికగా మించిపోతుంది. నిశ్చలమైన చెరువే ఈ విద్యకు పాఠశాల. పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానవనంలో, లండన్ కెన్సింగ్టన్‌లోని రౌండ్ పాండ్‌లో, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నమూనా తెరచాపలకు పేరుపొందిన నీటిమడుగులు ఉన్నవి. ఇవేవీ సముద్రాలు కావు.

కొత్తవానికి ఎదురయ్యే మొదటి కష్టం కుడి ఎడమల భేదం. పడవ తననుండి దూరంగా పోతున్నంతసేపూ కుడి కుడిగానే ఉంటుంది. మలుపు తిరిగి తనవైపు వచ్చేసరికి పడవ కుడి తన ఎడమ అవుతుంది. కంగారులో పుల్లను అటు త్రోస్తే పడవ ఇటు తిరిగి గట్టును గుద్దుకొంటుంది. పడవ పోయే దిక్కుకే తానుకూడా శరీరాన్ని త్రిప్పి, భుజంమీదుగా చూస్తూ నడపమని పెద్దలు సలహా ఇస్తారు. అంటే మనసును పడవమీద ఎక్కించి కూర్చోబెట్టాలి.

రెండవ కష్టం గాలికి ఎదురుగా పోవడం. ఏ తెరచాప పడవా గాలి వచ్చే దిక్కుకు తిన్నగా పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, కొండదారి బండివలె మెలికలు తిరుగుతూ పోవాలి. తిరిగేటప్పుడు తగినంత వేగం లేకపోతే పడవ గాలికి ముక్కు చూపి, తెరచాపలు కొట్టుకొంటూ కదలక నిలిచిపోతుంది. అప్పుడు పుల్లలు ఎంత త్రిప్పినా ప్రయోజనం లేదు. నీరు కదలనిదే చుక్కాని పనిచేయదు. తాడు వదిలి, పడవ వెనక్కు జారి, పక్కకు తిరిగేవరకు ఓపిక పట్టాలి.

మూడవది అన్నిటికన్నా కష్టం. పడవలో కూర్చున్న నావికునికి గాలి చెంపకు తగులుతుంది, ఒరుగు ఒంటికి తెలుస్తుంది. ఒడ్డున నిలిచినవానికి ఆ స్పర్శ లేదు. తన చెంపకు తగిలే గాలి, నలభై గజాల దూరాన పడవకు తగిలే గాలి ఒకటి కావు. వానికి ఉన్నవి కళ్ళు మాత్రమే. నీటిమీద నల్లబడుతూ వచ్చే మచ్చ గాలి విసురు. అద్దంవలె మెరిసే చోటు గాలి లేని చోటు. ఎదుటి గట్టుమీది చెట్ల ఆకులు, ఎగిరే పొగ, ఆరవేసిన బట్టలు—అన్నీ వానికి అక్షరాలే. విసురు పడవను చేరడానికి ముందే తాడు వదలాలి. తగిలిన తరువాత వదిలితే ఆలస్యమైనట్లే. మేడమీద గాలిపటం ఎగురవేసిన కుర్రవాడు ఈ పాఠంలో అందరికన్నా ముందుంటాడు.

పందెంలో మర్యాద

ఒంటరిగా నడిపేవాడు గాలినుంచి నేర్చుకొంటాడు. పందెంలో దిగినవాడు మనుషులనుంచి కూడా నేర్చుకొంటాడు. నీటిమీద తేలే గుర్తులను వరుసగా చుట్టి రావడమే పందెం. ఒక్కొక్కటి కొద్ది నిమిషాలలో ముగుస్తుంది, మళ్ళీ మరొకటి. నియమాలు పెద్ద పడవల పందేలవే, కొద్ది మార్పులతో. కుడివైపునుంచి గాలి అందుకొంటున్న పడవకు, ఎడమవైపునుంచి అందుకొంటున్న పడవ దారి ఇవ్వాలి. తప్పుచేసిన పడవ అక్కడికక్కడే ఒక పూర్తి చుట్టు తిరిగి దండన చెల్లించుకోవాలి.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. పడవలు రెండూ దూరాన ఉన్నవి. తగిలాయో లేదో అందరికన్నా బాగా తెలిసేది నడిపేవానికే. తగిలిందని ఒప్పుకుని, చేతికి అందిన స్థానాన్ని వదులుకుని, చుట్టు తిరగడం వాని మనస్సాక్షికి సంబంధించిన విషయం. ఈ ఆటలో పదేళ్ల బాలిక, డెబ్బయ్యేళ్ల విశ్రాంత ఉద్యోగి, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఒకే గట్టుమీద సమానంగా పోటీ పడగలరు. బలం అవసరమైనది గాలికే. మనిషికి కావలసినవి చూపు, ఓర్పు, నిజాయితీ.

బొమ్మ నేర్పిన పాఠం

బొమ్మ పడవ పెద్ద పడవకు పాఠం చెప్పిన సందర్భాలూ లేకపోలేదు. రేడియో రాకముందు పందెగాళ్ళు తమ పడవలను చెరువులోకి వదిలి, గట్టువెంట నడుస్తూ, పడవ అంచును తాకినప్పుడు కర్రతో త్రిప్పి పంపేవారు. మధ్యలో పడవ తనంతట తాను దారి తప్పకుండా సాగడానికి ఒక చిన్న గాలిరెక్కను చుక్కానికి తగిలించేవారు. గాలి కోణం మారితే రెక్క తిరుగుతుంది, దానితో చుక్కాని తిరుగుతుంది. 1960లో అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా దాటే తొలి పందెం జరిగినప్పుడు ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన పడవకు ఇటువంటి గాలిరెక్కనే పెద్దదిగా చేసి అమర్చుకున్నాడు. ఆయన నిద్రపోతున్నప్పుడు పడవను నడిపినది అదే. పందెం ఆయన గెలిచాడు.

భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ 2012-13లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా తెరచాప పడవపై భూమిని చుట్టి వచ్చాడు. పదవీ విరమణ తరువాత మళ్ళీ బయలుదేరి, గోల్డెన్ గ్లోబ్ పందెంలో 2023లో ద్వితీయ స్థానం పొందాడు. ఆ పందెంలో విద్యుత్తుతో పనిచేసే స్వయంచాలక చుక్కానిని వాడరాదు, గాలిరెక్కనే నమ్ముకోవాలి. చెరువు గట్లమీద పందెగాళ్ళకు పరిచితమైన ఉపాయం మహాసముద్రంలో ఒక మనిషి ప్రాణానికి తోడుగా నిలిచింది.

గట్టుమీద వేచి ఉన్న విద్య

గార్డెన్ రీచ్ తెలుగువారికి పరాయి చోటు కాదు. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వేకూ, నేటి ఆగ్నేయ రైల్వేకూ ప్రధాన కార్యాలయం అక్కడే. వాల్తేరు డివిజను 2003 వరకు ఆ రైల్వేలోనిదే. బదిలీ ఉత్తర్వులమీద గార్డెన్ రీచ్ అనే మాట చూసుకుని కలకత్తా బండి ఎక్కిన కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఎన్నో. తెరచాపలు వెళ్లిపోయిన కథ కూడా వారికి పరాయిది కాదు. గోదావరిమీదా, కోరంగి రేవులోనూ గాలిని నమ్ముకున్న పడవలు ఒకనాడు మనకూ ఉండేవి. గాలివాటం, చుక్కాని లేని నావ—ఈ మాటలు మన భాషలో మిగిలాయి. వాటిని పలికేవారిలో తెరచాప తాడు పట్టుకున్నవారు ఎందరు?

మాట మిగిలి అనుభవం పోతే ఆ మాట కూడా క్రమంగా పలచబడుతుంది. ప్రదర్శనశాలలు ఆకారాన్ని కాపాడుతాయి, నిఘంటువులు పేర్లను కాపాడుతాయి. గాలి విసురు రాకముందే తాడు వదిలే నేర్పును కాపాడగలవి మనిషి చేతులే. ఆ చేతులకు అభ్యాసం ఇవ్వడానికి నేడు అందుబాటులో ఉన్న సులభమైన సాధనం ఈ మీటరు పడవ. జాతీయ కాడెట్ దళపు నౌకా విభాగంలో నౌకా నమూనాల నిర్మాణం ఒక పోటీ విద్యగా కొనసాగుతున్నది. ఊరూరా చెరువులున్న బంగాళంలోనూ ఆంధ్రలోనూ నీటికి కొదవలేదు. గాలికి అసలే లేదు.

విశ్వకర్మ పూజనాటి సాయంకాలం గార్డెన్ రీచ్ మేడలమీద దారాలు చుట్టుకొంటారు. తెగిన గాలిపటాలు కొన్ని నదివైపు కొట్టుకుపోతాయి. కింద ఒక భుట్‌భుటీ వాటిని పట్టించుకోకుండా చప్పుడు చేస్తూ ఆవలి ఒడ్డుకు సాగిపోతుంది. దక్షిణపు గాలి మాత్రం, సాల్విన్స్ నాటి తెరచాపలను నింపిన గాలి, నీటిమీద నల్లని మచ్చలు వేసుకుంటూ వస్తూనే ఉంటుంది. దానిని చదివే కళ్ళు ఏ మేడమీదనో ఇప్పుడే దారం చుట్టుకుంటూ ఉండవచ్చు.